మెడ చెక్కే పని

గిటార్ కొనడానికి వచ్చినవాళ్లు ముందు చూసేది దాని రంగు. తర్వాత పికప్‌లు, అంటే తీగల మోతను కరెంటుగా మార్చే భాగాలు, ఏ రకమని అడుగుతారు. మెడ గురించి అడిగేవాళ్లు తక్కువ. కానీ వాయించేవాళ్ల ఎడమచెయ్యి గంటల తరబడి అంటిపెట్టుకొని ఉండేది ఆ మెడనే. ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో నా లెక్క ఒకటే. ఒళ్లు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు, మెడ కుదరకపోతే ఆ గిటార్ గోడకు వేలాడాల్సిందే.

నేను పనిచేసేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఒక చిన్న వర్క్‌షాపులో. ఈ ఊరికి గిటార్లతో పాత చుట్టరికం ఉంది. గిబ్సన్ కంపెనీ 1902లో ఇక్కడే మొదలైంది. 1984లో ఇక్కడి ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్‌కు వెళ్లిపోయింది. ఊరు వదలడం ఇష్టంలేని కొందరు పనివాళ్లు ఆ మరుసటి ఏడాదే అదే భవనంలో హెరిటేజ్ పేరుతో మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టారు. మా యజమాని అలాంటి పాతకాలపు పనివాళ్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. మాటలు తక్కువ. పని బాగుంటే ఏమీ అనడు, బాగోకపోతే లైటు దగ్గరికి జరిపి పెట్టి వెళ్లిపోతాడు.

నేను ఈ దేశం వచ్చింది హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగా. మా ఆయన ఇక్కడి మందుల కంపెనీలో ఉద్యోగి. 2015 నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి, అంటే భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం అయినవాళ్లకు, పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు. ఆ కార్డు చేతికి రాగానే తెలిసినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమన్నారు. నేను వెళ్లి ఈ షాపులో ఊడ్చే పనికి చేరాను. ఊడ్పు నుంచి గరుకు కాగితానికి, అక్కడి నుంచి ఆకురాయికి వచ్చాను. ఉగాది పాట్‌లక్‌లో ఒకావిడ "బీటెక్ చేసి కార్పెంటర్ పనా అండీ?" అని నోరు విడిచి అడిగింది. ఆ వెంటనే "గంటకెంత ఇస్తారు?" అని కూడా అడిగింది. రెండో ప్రశ్నకు జవాబు విన్నాక మొదటిదాని ఊసెత్తలేదు.

ఈమధ్య చేసిన ఒక మెడ గురించి చెప్తాను. కస్టమర్ రిటైరైన స్కూలు టీచరు. వేళ్ల కీళ్లన్నీ వాచిపోయాయి, ఆర్థరైటిస్. అంతకుముందు ఎవరో సలహా ఇస్తే చాలా సన్నటి మెడ ఉన్న గిటార్ కొన్నాడట, నొప్పి ఇంకా ఎక్కువైందట. చాలామంది ఇక్కడే పొరపడతారు. మెడ సన్నగా ఉంటే బొటనవేలికి ఆనుకునే చోటు దొరకదు, చెయ్యి బిగుసుకుపోతుంది. కాస్త నిండుగా ఉంటే అరచెయ్యి దాన్ని మోస్తుంది. అందుకే మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గర 22 మిల్లీమీటర్లు, పన్నెండో మెట్టు దగ్గర 24 మందం అనుకున్నాం. లావు తీగల వైపు భుజం కొంచెం ఎక్కువ, సన్న తీగల వైపు తక్కువ. తీగ మోగే పొడవు 24.75 అంగుళాలు. ఫెండర్ అనే ఇంకో గిటార్ కంపెనీవాళ్లు వాడే 25.5తో పోలిస్తే మెట్లు దగ్గరగా పడతాయి, వేళ్లు అంత చాచక్కర్లేదు.

మెట్ల లెక్క చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ తేలికే. తీగ మోగే ఆ పొడవును 17.817తో భాగిస్తే తల వైపు నుంచి మొదటి మెట్టు ఎంత దూరమో తెలుస్తుంది. 24.75కి అది సుమారు 1.39 అంగుళాలు. మిగిలినదాన్ని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతూ ఉంటే పన్నెండోది సరిగ్గా సగంలో, 12.375 దగ్గర పడుతుంది. నేను పుట్టిపెరిగింది బొబ్బిలి. పక్కనే ఉన్న గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు, ఒకే మొద్దులో దండీ కుండా కలిపి తొలిచే ఏకాండి వీణలు కూడా. అక్కడ మేళం కట్టేవాళ్లు మైనం మీద ఇత్తడి మెట్లు నిలబెట్టి, తీగ మీటి, విని, జరిపి, మళ్లీ విని బిగిస్తారు. ఇరవైనాలుగు మెట్లూ చెవితోనే. గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు. రంపంతో గాడి కోసేశాక మెట్టు జరగదు. అందుకే ఇక్కడ ముందు స్కేలు, తర్వాతే చెవి. ఏది గొప్పదని అడిగితే చెప్పలేను గానీ, చెవితో కట్టేవాళ్లంటే నాకు భయభక్తులు ఎక్కువ.

ఇక తల. ఫెండర్ పద్ధతిలో తల మెడతో సమానంగా తిన్నగా ఉంటుంది, ఒకే చెక్కలో వచ్చేస్తుంది. గిబ్సన్ పద్ధతిలో తల వెనక్కి వాలి ఉంటుంది, తీగలు నట్ మీద, అంటే తల మొదట్లో వాటికి గాళ్లు ఉన్న చిన్న కమ్మీ మీద, గట్టిగా కూర్చుంటాయి. కానీ ఆ వాలును ఒకే చెక్కలో చెక్కితే మెడ పొడవునా సాగిన పోగులు సరిగ్గా తల మొదట్లో తెగిపోతాయి. పైగా మెడను నిలబెట్టే లోపలి ఉక్కు కడ్డీని బిగించే మర కోసం అక్కడే గుంట తీస్తారు. స్టాండు మీంచి గిటార్ వెనక్కి పడిందంటే విరిగేది అక్కడే. రిపేరుకు వచ్చేవాటిలో ఇలాంటివి బోలెడు.

దానికి మేం చేసేది ఏటవాలు అతుకు. మేపుల్ చెక్కను 13 డిగ్రీల వాలులో కోసి, తెగిన ముక్కను తిరగేసి, కోత మీద అంటిస్తాం. అప్పుడు తలలో కూడా పోగులు నిలువునా నడుస్తాయి. వినడానికి సులువే. జిగురు పూసి క్లాంపు బిగించబోతే రెండు ముక్కలూ సబ్బు రాసినట్టు జారిపోతాయి. అందుకని తర్వాత ఎలాగూ కోసి పారేసే అంచులో ముందే సన్న మేకు కొట్టి, జారకుండా పట్టి ఉంచుతాం. తల ఆకారం మాత్రం మా సొంతం. పెద్ద కంపెనీలు తమ తల ఆకారాలను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేసుకున్నాయి, వాటి జోలికి పోకూడదు. నా పట్టుదలంతా ఒక్కదాని మీదే. నట్ నుంచి బిరడ దాకా తీగ వంకర తిరగకుండా వెళ్లాలి. పక్కకి లాగితే నట్ గాడిలో ఇరుక్కుంటుంది, శృతి నిలవదు. అందానికి ఎన్ని వంపులైనా పెట్టుకోవచ్చు, ఆ గీతలు గీసుకున్న తర్వాతే.

మెడ లోపలి ఉక్కు కడ్డీ కూడా ఈ ఊరి తెలివే. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ ఆలోచన అది, 1923లో పేటెంటు వచ్చింది. ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బలంతో మెడను ముందుకు లాగుతుంటే, కడ్డీ వెనక్కి లాగి నిలబెడుతుంది.

చెక్కే పని నాకిష్టమైన భాగం. ముందు రెండు చివర్లా కావలసిన వంపు తీసి అట్టముక్క నమూనాతో సరిచూస్తాను. ఆ రెండింటి మధ్యా పలకలు పలకలుగా తీస్తాను. తర్వాత ఒక్కో పలక అంచునూ మళ్లీ పలక చేస్తాను. రెండు చేతులా పట్టుకొని లాగే చిన్న చిత్రిక, గరుకు ఆకురాయి, చివర్లో పలచటి ఉక్కు రేకు. లైటు కింద నుంచి పెడితే ఎత్తుపల్లాలు నీడలో దొరికిపోతాయి. కంటికి దొరకనివి కళ్లు మూసుకొని తడిమితే దొరుకుతాయి.

మెట్ల పలకకు ఇండియన్ రోజ్‌వుడ్ వాడాం. మన దగ్గర జిట్రేగి అంటారే, అదే. దక్షిణాదిలో పెరిగిన ఈ చెట్టు ఇక్కడ బెంచీ మీద కనబడితే మొదట్లో పలకరించాలనిపించేది. 2017 జనవరి నుంచి ఈ జాతి కలప దేశాలు దాటాలంటే అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద పర్మిట్లు కావాలి. తయారైన వాయిద్యాలకు 2019 చివర్లో సడలింపు ఇచ్చారు, విడి చెక్కకు ఇవ్వలేదు. దానికీ నాకూ కాగితాల బాధ ఒక్కటే. నా వర్క్ పర్మిట్ రెన్యువల్ టైముకి రాకపోతే నేనూ బెంచీ దిగాల్సిందే. రెన్యువల్ ఉన్న ఏడాది ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు.

మెట్లు చేసే లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు. వెండి ఒక్క చుక్క ఉండదు, రాగి, నికెల్, జింకు. పూజ సామాన్ల కొట్లో జర్మన్ సిల్వర్ అని అమ్మే లోహం ఈ కుటుంబానిదే. ఇక్కడి చలికాలంలో దీని తమాషా చూడాలి. బయట మంచు, లోపల హీటరు, గాలి పొడిబారుతుంది. చెక్క ముడుచుకుంటుంది, లోహం ముడుచుకోదు. మెట్ల కొనలు అంచుల్లోంచి బయటికొచ్చి చెయ్యి గీరుకుంటుంది. అందుకే షాపులో తేమ 45 శాతం దగ్గర ఉండేలా హ్యుమిడిఫయర్లు పెడతాం. నా పెదాలు పగలకుండా ఉండేది కూడా ఈ గిటార్ల పుణ్యమే.

బ్యాండ్‌సా (కరెంటుతో తిరిగే పట్టీ రంపం) దగ్గరికి వెళ్లాలంటే ఒంటిమీద వేలాడేవేవీ ఉండకూడదు. గాజులు, నల్లపూసలు లాకర్లో పెట్టి వెళ్తాను. ఒకరోజు పని నుంచి రాగానే వీడియో కాల్లో మా అత్తగారు "ఏమ్మా, మెడ బోసిగా ఉందేం?" అన్నారు. పొద్దున్నుంచీ మెడలే చెక్కి వచ్చిన దాన్ని, నవ్వాగలేదు. తర్వాత రంపం ఫొటో పంపాను. "అయితే తీసేసే ఉంచు, ఇంటికొచ్చాక వేసుకో" అని ఆవిడే తీర్పు చెప్పారు.

టీచరుగారు వచ్చి గంటసేపు వాయించాడు. మూడో మెట్టు వెనకాల ఇంకాస్త తీయగలవా అని అడిగాడు. అక్కడ మందం ఉండాలనే పెట్టామని, నెల రోజులు వాయించాక కూడా అదే మాటంటే డబ్బు తీసుకోకుండా తీస్తానని చెప్పాను. మా యజమాని అడ్డు రాలేదు. నెల దాటింది, ఆయన ఇంకో గిటార్‌కు కూడా అదే కొలతల మెడ కావాలని ఆర్డరిచ్చాడు. ఈసారి తల తిన్నగా ఉండాలట. యజమాని వాలు తలే పెడదామంటున్నాడు. కస్టమర్ అడిగిందే సరని నేను పట్టుబట్టాను. మేపుల్ చెక్క ఇంకా కోయలేదు.