జ్వరం లెటర్ వద్దన్న మాస్టారు

పూర్వ విద్యార్థుల ఫంక్షన్‌కి స్కూలుకి బల్లలు కొనిద్దామంటున్నారు కదా, నాదీ ఓ మాట. మన 97 టెన్త్ బ్యాచ్‌లో అందరికీ వచ్చిన ఇంగ్లీషు లెటర్ ఒక్కటే, అదే సెలవడిగే జ్వరం లెటర్. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అని మొదలయ్యేది, పెళ్ళికెళ్ళినా ఊడ్పులకెళ్ళినా తీర్థానికెళ్ళినా అదే లెటర్, నిద్దట్లో లేపి అడిగినా కామాలతో సహా ఒప్పజెప్పేసేవాళ్ళం, ఇందులో ఏ ముక్కకి ఏంటర్థం అంటే మాత్రం పక్కోడి మొహం చూసేవాళ్ళం.

అప్పట్లో హిందీకి 20 వస్తే గట్టెక్కేసినట్టే, ఇంగ్లీషుకి 35 రావాలి, అదీ రెండు పేపర్లు. మనమేమో తెలుగు మీడియం, ఆరులో చేరేనాటికి సగం మందికి ఏబీసీడీలే వరసగా రావు. కాబట్టి గైడ్ కొనుక్కుని బట్టీ కొట్టడమే, అలా పాసైపోయినవాళ్ళు బోల్డుమంది, కాదనను. కోటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి ఇవతలికొచ్చే మన ఇంగ్లీషు మాస్టారు (పేరు రాస్తే ఆయనకి కోపం, మీకెలాగూ తెలుసు) గైడ్‌ని తిట్టేవారు కాదు గానీ క్లాసులో తియ్యనిచ్చేవారు కాదు.

ఓసారి, ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలున్నది ఏది కనపడితే అది పట్రండిరా అన్నారు. సబ్బు రేపర్లు, టానిక్కు అట్టపెట్టెలు, ఖాళీ యూరియా సంచులు తెచ్చి బల్లల మీద పరిచాం, క్లాసంతా ఒకటే ఎరువు వాసన. సంచి మీద నైట్రోజన్ 46 శాతం అనీ, ఓ పక్కన పెద్దక్షరాల్లో యూజ్ నో హుక్స్ అనీ ఉంది. క్లాస్ ఫస్ట్ వాడు లేచి టకటకా చదివేశాడు గానీ అలా ఎందుకు రాశారంటే నోరు మెదపలేదు. ఆఖరి బెంచీలో ఒకడుండేవాడు, వాళ్ళ నాన్న రైసుమిల్లులో జట్టుకూలీ, వాడు లేచి "కొక్కెం ఏసి లాగితే సంచి చిరిగిపోద్దండి, యూరియాకి గాలి తగిల్తే నీరెక్కి గడ్డకట్టేద్దండి" అన్నాడు. అదే ఇంగ్లీషులో చెప్పరా అన్నారు మాస్టారు. వాడు చాలాసేపు నిలబడ్డాడు, ఆయన కూడా ఏమీ అందివ్వకుండా అలాగే నిలబడ్డారు, చివరికి "హుక్ పుట్టింగ్... బ్యాగ్ టోర్... యూరియా గోయింగ్ సార్" అన్నాడు. మేం నవ్వబోయాం, చాక్‌పీసు మా వైపు చూపించేసరికి నోళ్ళు మూతపడ్డాయి. ఇఫ్ యూ యూజ్ హుక్స్, ద బ్యాగ్ విల్ టేర్ అని బోర్డు మీద రాసి వాడిచేతే చదివించారు. గ్రామర్‌లో దాన్నేమంటారో ఆ రోజు చెప్పనే లేదు. తర్వాతెప్పుడో కండిషనల్ అని పేరు చెప్తే, ఓహో యూరియా సంచా అనుకున్నాం అందరం.

1996 నవంబర్ 6 రాత్రి తుఫాను గురించి కోనసీమ వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది. కొబ్బరితోటలు పడిపోయాయి, జనం మన స్కూల్ గదుల్లోనే తలదాచుకున్నారు, బడి మళ్ళీ తెరిచేసరికి సగంమందికి పుస్తకాల్లేవు, ఉన్నవి కూడా తడిసి అట్టలు కట్టేశాయి. మాస్టారు వచ్చి, ఇవాళ లెటర్ రాయండి, జ్వరం లెటర్ కాదు, మీ ఇంట్లో ఏం జరిగిందో మీ మావయ్యకి రాయండి, మాట దొరక్కపోతే తెలుగే పెట్టేయండి గానీ పెన్ను మాత్రం ఆపొద్దు అన్నారు. అవర్ దూలం బ్రోక్, గ్రాండ్‌మదర్ సేఫ్ అండర్ మంచం అని రాశాన్నేను. ఒక్కొక్కళ్ళకి ఒక్కటంటే ఒక్క తప్పే దిద్దారు, నా దాంట్లో గ్రాండ్‌మదర్ పక్కన వాజ్ పెట్టారు. మిగతావి చూళ్ళేదాండీ అంటే "చూశాన్రా, అన్నీ దిద్దేస్తే మళ్ళీ రాస్తావా నువ్వు?" అన్నారు.

వరదలొచ్చి పంటు ఆగిపోతే ఆరోక్లాసు వాళ్ళకి మా పదోక్లాసు వాళ్ళమే పాఠం చెప్పేవాళ్ళం, ఆ ఏర్పాటూ ఆయనదే.

ఇప్పుడు మన స్కూలు ఇంగ్లీషు మీడియం అయిపోయింది కదా. పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుపేజీలో అదే పాఠం తెలుగులో. ఐడియా బాగానే ఉంది. మొన్న సంక్రాంతి సెలవులకి ముందు వెళ్ళి హెడ్‌మాస్టర్ గారి పర్మిషన్ తీసుకుని ఎనిమిదో క్లాసులో కాసేపు కూర్చున్నా. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటున్నారు, ఇంగ్లీషు పేజీ బట్టీ కొడుతున్నారు, ఈ పేజీకీ ఆ పేజీకీ మధ్య రాకపోకల్లేవు. టీచర్లని అనట్లేదు, వాళ్ళకి సిలబస్ పూర్తిచెయ్యడం, యాప్‌లో వివరాలెక్కించడంతోనే సరిపోతోంది. పోనీ ఇంట్లో అడుగుదామంటే చాలామందికి అమ్మ కువైట్లో, నాన్న దుబాయ్‌లో, ఇంటి దగ్గర వేలిముద్ర వేసే అమ్మమ్మ.

ఒక పాపని, కలుపు మొక్కల గురించి తెలుగు పేజీ చదివి పుస్తకం మూసెయ్యమన్నా. ఇప్పుడు నీకొచ్చిన ఇంగ్లీషులో చెప్పమ్మా అన్నా. కిటికీలోకి చూసింది, నావైపు చూసింది, నేను మాట్లాడలేదు. "గ్రాస్ ఈట్ పాడీ ఫుడ్ సార్" అంది. నా లెక్కలో దానికి ఫుల్ మార్కులు, ఈట్ చివర ఎస్ తగిలించి ఊరుకున్నా. ఆ పిల్ల ఆగలేదు, వాళ్ళ తాతయ్య చేలో కలుపు ఎప్పుడు తీయిస్తాడో, కూలి ఎంతో, సగం తెలుగు సగం ఇంగ్లీషు కలిపి చెప్తూనే ఉంది, బెల్ కొట్టేదాకా.

పూర్వ విద్యార్థులుగా మనం ఫ్యాన్లిచ్చాం, మంచినీళ్ళ ప్లాంటు పెట్టాం, ఈసారి బల్లలంటున్నారు, కొనండి, నా వాటా నేనిస్తా. దాంతోపాటు నేనడిగేది ఆదివారం అరగంట. హైదరాబాద్, బెంగుళూరు, డల్లాస్ ఎక్కడున్నా సరే ఒక్కొక్కరు ఒక పిల్లకో పిల్లాడికో ఫోన్ చేసి మాట్లాడాలి, మాట్లాడ్డం అంటే వాళ్ళు మాట్లాడాలి, మనం వినాలి. మన యాక్సెంట్ వాళ్ళ మీద ప్రయోగించొద్దు బాబూ. మధ్యలో తెలుగొస్తే రానివ్వండి, తప్పులు ఒకటికి మించి దిద్దకండి, వాళ్ళు ఆలోచిస్తుంటే లైన్ కట్టయిందనుకుని హలో హలో అనకండి. పొద్దున్న చర్చికెళ్ళే పిల్లలుంటారు, ఫోన్ కూడా అమ్మమ్మ దగ్గరుంటుంది, అందుకని సాయంత్రం పెట్టుకుందాం. హెడ్‌మాస్టర్ గారు సరేనన్నారు, పెద్దవాళ్ళు పక్కనుండగానే మాట్లాడాలనీ, ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టకూడదనీ అన్నారు, అది న్యాయమే. ఇష్టమున్నవాళ్ళు ఫంక్షన్ రోజు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి, పనసపొట్టు కూర అయిపోకముందే వస్తే ఇద్దరికీ మంచిది.