యావకు అంకె వేయడం

చికిత్స మొదలైన వారంలోనే సైకియాట్రిస్ట్ నాచేత రోజుల లెక్క మాన్పించారు. "పోర్న్ చూడక ఇన్నాళ్ళైంది" అనే లెక్క వాడకం సంగతే చెబుతుంది, యావ సంగతి, అంటే చూడాలని లోపల ఎంత లాగుతోందో చెప్పదు. 20 రోజులు చూడకుండా ఉండి ఆ 20 రోజులూ లోపల ఉడికిపోవచ్చు. మధ్యలో ఒకసారి చూసినా యావ మొత్తం మీద దిగుతూ ఉండొచ్చు. ఈ రెండింటినీ వేరువేరు గళ్ళలో రాస్తేగానీ జబ్బు ఎటు పోతోందో తెలియలేదు.

జబ్బు అనే మాట కూడా ఊరికే అంటించేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో 'కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్' (అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన) 6సి72 కోడ్ కింద ఉంది. ఆ పట్టిక 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదుపు తప్పడం 6 నెలలో, అంతకు మించో సాగాలి, బతుకు దెబ్బతినాలి. పాపం చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే అది ఈ జబ్బు కాదు. మన ఇళ్ళల్లో మొదట పొరబడేది ఇక్కడే.

డాక్టర్ దగ్గర రెండు రకాల ప్రశ్నావళులుంటాయి. పరిశోధకురాలు బొతె బృందం 2018లో ప్రచురించిన 18 ప్రశ్నల పీపీసీఎస్ (పోర్న్ వాడకం ఎంత సమస్యగా మారిందో కొలిచేది) గడిచిన 6 నెలల వాడకాన్ని అడుగుతుంది. మార్కులు 18 నుంచి 126 దాకా. 76 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడాల్సిన కేసు. క్రాస్, రోజెన్‌బర్గ్ అనే పరిశోధకులు 2014లో వెలువరించిన 12 వాక్యాల పీసీక్యూ (పోర్న్ యావను కొలిచేది) మాత్రం 'ఈ క్షణాన ఎంత లాగుతోంది' అని అడుగుతుంది. నాకు పనికొచ్చింది ఈ రెండోదే, వారానికి ఒకసారి, అదే వేళకు. ఆదివారం పొద్దున ఒకసారి, బుధవారం అర్ధరాత్రి ఒకసారి నింపితే ఆ రెండు అంకెల్నీ పోల్చకూడదు.

రోజువారీ పనికి జేబులో పట్టే చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్‌లో రాయకూడదు, రాయడానికి తీసిన ఫోనే చేతిలో మిగిలిపోతుంది. ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 6, రాత్రి 10:30కి, ఇవిగాక లాగినప్పుడల్లా 0 నుంచి 10 లోపు ఒక అంకె. అంకెకు అర్థం ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఈ నెల 6, వచ్చే నెల 6 ఒకటి కావు. నావి ఇలా ఉండేవి: 0 ఊసే లేదు; 3 ఆలోచన వచ్చి పోయింది; 5 "ఐదు నిమిషాలే" అని మనసు బేరమాడుతోంది; 7 చేతిలో పని సాగట్లేదు; 10 సైటు తెరిచే వేలు ఆగట్లేదు. పక్కన నాలుగు ముక్కలు: ఎక్కడున్నాను, రాత్రి ఎన్ని గంటల నిద్ర, అంతకుముందు విసుగా కోపమా ఒంటరితనమా, దిగడానికి ఎన్ని నిమిషాలు.

తప్పులు దాదాపు అన్నీ రాసే వేళలోనే జరుగుతాయి. రాత్రి కూర్చుని రోజంతా ఒకేసారి నింపితే ఆ రోజు ఎక్కిన శిఖరమే గుర్తుంటుంది, మిగతాది ఊహ. చూసేసిన వెంటనే వేసే 0 మెరుగుదల కాదు, కడుపు నిండాక ఆకలి లేకపోవడం లాంటిది. దాని పక్కన చుక్క పెట్టి లెక్కలోంచి తీసెయ్యాలి. సిగ్గును యావగా రాయడం ఇంకో పొరపాటు. మొదటి రెండు వారాలు అంకెలు పెరిగినట్టు కనిపించాయి. అంతకుముందు గమనించనివి ఇప్పుడు కాగితం మీద పడుతున్నాయి, అంతే. అందుకే ఆ రెండు వారాలూ అలవాట్లేమీ మార్చకుండా రాయమన్నారు. ఒక్కోసారి ప్రశ్నే యావను లేపుతుంది. నోటుబుక్కు తెరిస్తే అంకె ఎగబాకుతోందనిపిస్తే రోజుకు 4 సార్లు రాసేది కాస్తా 2 సార్లు చేసుకోవాలి.

సగటు చూడొద్దు, అది ఉబ్బునూ దిగుడునూ కలిపి చదును చేస్తుంది. వారంలో 7 దాటినవెన్ని, 7 నుంచి 3కి దిగడానికి పట్టిన నిమిషాలెన్ని అన్నవే చూసేవాణ్ణి. నా విషయంలో మొదట మారింది నిమిషాలు. శిఖరాలు చాలా తర్వాత తగ్గాయి. యావను తోసెయ్యకుండా, తీర్చకుండా, అల ఎక్కి దిగేదాకా ఊపిరి మీద దృష్టి పెట్టి కూర్చునే పద్ధతిని కౌన్సెలర్ నేర్పారు. గడియారం చూసి దాని పొడవు రాస్తేనే అది పనిచేస్తోందని నమ్మకం కుదిరింది. నిద్ర 6 గంటలకు తగ్గిన మర్నాటి రాత్రి 10:30 గడిలోనే పెద్ద అంకెలు పోగుపడ్డాయి. ఫోన్ చార్జర్ పడకగది నుంచి హాల్లోకి మారింది అందుకే.

ఇప్పుడు ఆదివారం ఒక్కసారే రాస్తున్నాను. ప్రయాణాల్లో, లాడ్జి గదుల్లో 6 ఇంకా వస్తోంది. ఆ రోజుల్లో మళ్ళీ నాలుగు వేళలూ.