రోమ్‌లో ఆల్టో పాడిన రోజులు

ఊళ్లో మా చర్చి గుడిలో పాట రెండుసార్లు చెవిన పడితే చాలు, వచ్చేసేది. అందుకే రోమ్‌లో మా కాలేజీ క్వయర్‌లో (గాయక బృందంలో) చేరేదాకా మాలో చాలామందికి స్టాఫ్ నొటేషన్‌తో, అంటే గీతల మీద స్వరాలు రాసే పద్ధతితో, పనిపడలేదు. అక్కడ ఆదివారం పూజకు పంచే కాగితంలో పాట మాటలే ఉండేవి, మహా అయితే గిటారు కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుర్తులు). సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు), ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు), టెనర్, బేస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) అనే నాలుగు గొంతులకు స్వరాలు రాసిన షీట్ మ్యూజిక్, ఇటలీ వాళ్లు స్పార్తీతో అనేది, విడిగా సంపాదించుకోవాలి.

1963లో కథోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ, లాటిన్‌తో పాటు ప్రజల భాషలో పూజకు దారి తెరిచాక ఇటలీలో కొత్త పాటలు చాలా వచ్చాయి. పియెరాంజెలో సెక్వేరి ‘సింబోలుమ్ 77’ లాంటివి గిటారు పట్టుకుని ఎవరైనా పాడేస్తారు. మా క్వయర్‌కు చేతినిండా పని పెట్టింది మాత్రం మోన్సిన్యోర్ (ఫాదర్లకు ఇచ్చే గౌరవ బిరుదు) మార్కో ఫ్రిజీనా పాటలు. 1984లో రోమ్ మేత్రాసన (బిషప్ పరిధిలోని ప్రాంతం) గాయక బృందాన్ని స్థాపించింది ఆయనే. ఆయన పల్లవి గుడిలో అందరూ అందుకునేలా ఉంటుంది, క్వయర్ దాని కింద మిగతా గొంతులు అల్లుతుంది. నాకు ఆ పద్ధతే నచ్చింది. పాట జనానిదీ అవుతుంది, క్వయర్‌దీ అవుతుంది.

ఆయన పాటలు కొన్ని ఆయన వెబ్‌సైట్‌లోనే దొరికాయి. మిగతా వాటికోసం వాటికన్ ఎదుటి వియా దెల్లా కొంచిలియాజియోనేలో పుస్తకాల షాపులు తిరిగేవాళ్లం. టురిన్‌లో సలేసియన్ సభ ఫాదర్ల ప్రచురణ సంస్థ ఎల్లెదిచీ పుస్తకాలు కూడా వెతికేవాళ్లం. అట్ట మీద పాట పేరు చూసి కొనేస్తే లాభం లేదు. ఒకే పాట ఒట్టి వరసగా ఉండొచ్చు, ఆర్గన్‌తో ఉండొచ్చు, నాలుగు గొంతులతో ఉండొచ్చు. లోపలి పేజీ తిప్పి చూడాల్సిందే.

అసలు కష్టం ప్రాక్టీసులో. పద్నాలుగో శతాబ్దపు ప్రార్థనకు ఫ్రిజీనా వరస కట్టిన ‘ఆనిమా క్రీస్తి’ పాడుతున్నప్పుడు పక్కన సొప్రానో పైకి వెళ్తుంటే మన గొంతు దాని వెంటే పోతుంది. ఆల్టో మాత్రం ఉన్న స్వరం మీదే నిలబడి అక్షరాలు పలకాలి. మనకు అలవాటైన గమకం కూడా అక్కడ పనికిరాదు. ఒక గొంతు జారినా నాలుగు గొంతుల శ్రుతీ చెదురుతుంది.

మా విజయవాడ సిస్టర్ ఒకరు పెన్సిల్‌తో నోట్స్ కింద సరిగమలు రాసుకునేవారు. మాయెస్త్రో (పాట నేర్పే గురువు) ‘దో’ అంటే కీబోర్డు మీద ఎప్పుడూ ఒకటే మెట్టు. మన ‘స’ శ్రుతిని బట్టి మారుతుంది. పాట శ్రుతి మారినప్పుడల్లా ఆమె మళ్లీ చెరిపి రాసేవారు. ఓపిగ్గా మా అందరి కాగితాల మీదా రాసిచ్చారు. ఆ సాయం లేకపోతే మా ఆల్టో నిలబడేది కాదు.

ఇప్పుడు మన మేత్రాసనాల్లో ఈ పాటలు నేర్పాలనుకునే ఫాదర్లకు, సిస్టర్లకు ఒక మాట. జిరాక్స్ తీసేముందు హక్కుల సంగతి ప్రచురణకర్తను అడగండి. ఆల్టో, టెనర్, బేస్ వరసలు విడివిడిగా నోటికి వచ్చాకే సొప్రానోను కలపండి.