బతికి ఉంటేనే ఏరినట్టు

పాఠశాల పుస్తకంలో బొమ్మ గీసి భాగాలు గుర్తించిన ఏకకణ జీవి యూగ్లీనా, టోక్యో దుకాణాల్లో పానీయాల్లోనూ బిస్కెట్లలోనూ దొరుకుతుంది. జపానులోని ఇషిగాకి దీవిలో 2005లో దీన్ని ఆరుబయట పెద్ద ఎత్తున పెంచడం సాధించారు. దాని నూనె కలిసిన ఇంధనంతో 2021లో విమానం కూడా ఎగిరింది. గాలి అందకపోతే ఈ కణం తనలోని పిండిపదార్థాన్ని మైనం లాంటి కొవ్వుగా మార్చుకుంటుంది. అయితే అన్ని కణాలూ ఒకేలా నిల్వ చేయవు. ఎక్కువ నిల్వ చేసేవాటిని ప్రాణంతో ఏరడమే జపానులోని ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం.

ఏరే పరికరాన్ని మేమే పోసుకుంటాం. పీడీఎంఎస్ అనే చిక్కటి సిలికోన్‌లో పదోవంతు గట్టిపరిచే ద్రవం కలిపి, బుడగలు పోయాక అచ్చు మీద పోసి, ఓవెన్‌లో పెడతాం. చల్లారాక కోసి తీస్తే, అడుగున వెంట్రుక మందం కాలువలున్న మెత్తని పారదర్శకమైన పలక వస్తుంది. దాన్ని గాజుకు అతికిస్తాం. అంత సన్నని కాలువలో నీరు సుడి తిరగదు, పక్కపక్క ధారలు కలిసిపోవు. అందుకే కణాలు నడిమి ధారలో వరుసగా సాగుతాయి. లేజర్ తగలగానే పత్రహరితం ఎర్రగా, కొవ్వుకు పట్టిన రంగు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆకుపచ్చగా బాగా మెరిసిన కణాన్ని పక్క కాలువలోకి తప్పించాలి.

చూడటానికి వచ్చినవాళ్లంతా సెకనుకు ఎన్ని కణాలని అడుగుతారు. నాకు ఆ తరువాతి గంటలే ముఖ్యం. యూగ్లీనాకు గట్టి కణకవచం లేదు. ప్రవాహం జోరెక్కితే, ఈదడానికి వాడే తోక లాంటి కశాభం తెగిపోతుంది. కదురులా పొడవుగా ఈదే కణం బంతిలా ముడుచుకుని అడుగున పడి ఉంటుంది. మైక్రోస్కోపు కింద కాసేపటికొకసారి చూస్తూ ఉంటే, కొన్నింటికి కశాభం మళ్లీ మొలుస్తుంది, మెల్లగా తిరగడం మొదలుపెడతాయి. కొన్ని అలాగే పాలిపోతాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో కెయిసుకె గోదా బృందం 2018లో చూపిన యంత్రం సెకనుకు సుమారు 100 కణాల బొమ్మలు తీసి, 32 మిల్లీసెకన్లలో నిర్ణయించి ఏరింది. మామూలు యంత్రాలు వేలల్లో ఏరుతాయి. అయినా కణం లోపల ఏది ఎక్కడుందో చూసి ఏరిన ఆ నిదానమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఈ జీవులకు సెలవులు లేవు. జనవరి మొదటి మూడు రోజులూ జపాను మిత్రులు సొంత ఊళ్లకు వెళ్తే, కణాలు పెరిగే దీపాల అల్మరాలు నేను చూసుకుంటాను. సంక్రాంతికి నేను ఇంటికి వస్తే నా జాడీలు వాళ్లు చూస్తారు. ఈ ఒప్పందాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. పండగ పూట ఫోనులో నా కణాల ఫొటో వస్తే, "బాగున్నాయా నాన్నా?" అని అమ్మ కూడా అడుగుతుంది.

ఏరిన కణం సంతానానికి ఆ గుణం వస్తుందన్న హామీ లేదు. తల్లికి ఉన్నది ఆ పూట నిల్వ మాత్రమే కావచ్చు. అందుకే పెంచి, కొలిచి, అందులోంచి మళ్లీ ఏరతాం. ఈ వారం అల్మరాలో ఉన్నవి అలా రెండోసారి ఏరిన కణాల సంతానం.