బల్లి కాదమ్మా, డిస్కు

ఆగస్టు 27, ఆదివారం

పొద్దున అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పిన్ని వాళ్ళమ్మాయికి ఈ మాఘంలో పెళ్ళి కుదిరిపోతుందంది. సరిగ్గా అప్పుడే అల్మారా మీద 'టిక్' మంది. "చూశావా, బల్లి పలికింది. సత్యం!" అని వేలితో నేల మీద తట్టింది కూడా.

నాకు అనుమానమొచ్చింది. ఏ బల్లీ రెండు నిమిషాలకోసారి ఇంత శ్రద్ధగా పలకదు.

అల్మారా మీదున్నది నా పాత ల్యాప్‌టాప్. తెర పగిలాక దాన్నే ఇంటి సర్వర్ చేసుకున్నా. నాన్న ఫోటోలు, అమ్మ వినే కీర్తనలు అన్నీ అందులోనే. లాగిన్ అయ్యి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ కొట్టాను. 193వ నంబరు, లోడ్ సైకిల్ కౌంట్: 4,83,210. డిస్కు పనిచేసిన గంటలు 13,900. అంటే డిస్కులో తిరిగే పళ్ళెం మీద చదివే, రాసే హెడ్ గంటకు దాదాపు 35 సార్లు దాని మీద నుంచి తప్పుకుని పక్కనున్న గట్టెక్కి కూర్చుంటోంది, మళ్ళీ దిగుతోంది. ఆ 'టిక్' అదే. ఇలాంటి 2.5 అంగుళాల డ్రైవులకు మామూలుగా 6 లక్షల సార్లు తట్టుకుంటాయని రాస్తారు. రోజుకు 835 చొప్పున పోతే సరిగ్గా సంక్రాంతికి తేలిపోతుంది. 6 లక్షలు దాటిన మర్నాడే ప్రాణం పోతుందని కాదు గానీ, నాన్న ఫోటోల మీద ఆ పందెం నేను కాయలేను.

పాపం డిస్కుదేం తప్పు లేదు. ఒళ్ళో పెట్టుకు తిరిగే యంత్రం కోసం చేసిందది. పని లేనప్పుడు హెడ్ పక్కకు తప్పుకుంటే బ్యాటరీ మిగులుతుంది, కింద పడినా పళ్ళేనికి గీతలు పడవు. దాన్ని తెచ్చి 24 గంటలూ అల్మారా మీద కూర్చోబెట్టింది నేను. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సేమో నిమిషానికో రెండు నిమిషాలకో లాగ్‌లో, అంటే తన చిట్టాలో, ఓ ముక్క రాస్తుంది. ఇది కునుకు తీయగానే అది తట్టి లేపుతుంది. ఇంతా చేసి ఆదా అయ్యేది అర వాట్ అనుకున్నా, ఏడాదికి నాలుగు యూనిట్ల చిల్లర!

డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ అనే కమాండ్‌తో ఏపీఎం, అంటే కరెంటు ఆదా సెట్టింగు, విలువ చూస్తే 128. ఆదా దాదాపు మానేసేలా మైనస్ బీ 254 ఇచ్చా. చప్పుడు ఆగింది. భోజనం చేసొచ్చి చూసినా కౌంట్ ఒక్కటీ పెరగలేదు. వేడి మాత్రం 41 డిగ్రీల నుంచి 43కి వెళ్ళింది, ఫర్వాలేదు. అమ్మకు సంగతి చెబితే ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే సత్యం కాదా?"

సాయంత్రం వానకి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఎప్పుడో తీసేశా కాబట్టి సర్వరూ పోయింది. అలా ఉన్నట్టుండి పోతే హెడ్ గబుక్కున వెనక్కి లాక్కుంటుంది, మామూలుగా తప్పుకోవడం కన్నా అది మొరటు. దాన్ని ఇన్వర్టర్ లైనులోకి మార్చాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నా.

కరెంటొచ్చిన కాసేపటికి వంటింట్లోంచి అమ్మ కేక. "ఒరేయ్, నీ బల్లి మళ్ళీ పలికింది!"

వెళ్ళి చూస్తే మళ్ళీ 128. కరెంటు పోతే ఈ డిస్కుకు నేను చెప్పింది గుర్తుండదు. ఈసారి మెషిన్ ఆన్ అయినప్పుడల్లా చదువుకునే సెట్టింగుల ఫైల్లో, ఎట్సీ ఫోల్డర్‌లోని హెచ్‌డీపార్మ్ కాన్ఫ్‌లో, రాసి, మొత్తం ఆపి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టా. 254. ఇప్పుడు ఫోటోలు బయటి డిస్కులోకి కాపీ అవుతున్నాయి, 61 శాతం దగ్గరుంది.

హాల్లో అమ్మ పిన్నితో ఫోన్లో మాట్లాడుతోంది. "ఒక్కసారి కాదే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలికింది."