మిద్దె మీద నీడ గడియారం: ఆగస్టు దాకా సాగిన పని

కడపలో సూర్యుడు ఆ రోజుకు అందుకోగలిగినంత ఎత్తుకు చేరేసరికి గోడ గడియారంలో పన్నెండు దాటి సగటున పావుగంట అవుతుంది. మన దేశపు ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కగడతారు. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది, మన ఊరేమో 78.8 డిగ్రీల దగ్గర ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఆ తేడా వస్తుంది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ సంగతిని ఫోన్‌లో ఏదో వీడియో చూసి పట్టుకొచ్చి, "అయితే నాయనా, మనం కాకినాడోళ్ల టైము వాడుకుంటాండామా?" అని నిలదీసింది. అన్నవరం గుడి దగ్గరున్న నీడ గడియారానికి ఈ దిద్దుబాటు దాదాపు అక్కరలేదని, మనం కట్టుకుంటే మాత్రం తప్పదని చెప్పాను. కట్టుకుందామన్న మాట అక్కడే నా నోట్లోంచి జారిపోయింది.

ఇంటర్నెట్‌లో నాకు కనిపించిన నమూనాలు చాలావరకు నేల మీద పరుచుకుని ఉండే రకం, అవి కూడా చలిదేశాల ఊళ్లకు గీసినవి. ఆ రకంలో గంటల గీతలు ఎంతెంత ఎడంగా పడతాయన్నది అక్షాంశం మీద ఆధారపడుతుంది. మన 14.5 డిగ్రీలకు లెక్క వేసి చూస్తే పదకొండుకీ పన్నెండుకీ మధ్య 4 డిగ్రీలు కూడా రాలేదు, సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య మాత్రం 47 డిగ్రీలు వచ్చింది. మిట్టమధ్యాహ్నం గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడే గడియారం చదవడం కష్టమనిపించి, పలకను భూమధ్యరేఖా తలానికి సమాంతరంగా నిలబెట్టే రకాన్ని ఎంచుకున్నాం. అందులో ఏ ఊరికైనా గంటకు సరిగ్గా 15 డిగ్రీలే కాబట్టి గీతలు గీయడం పిల్లల కోణమానినితోనే అయిపోతుంది.

పలకకు మన ఊళ్లో వేరే రాయి వెతకనక్కరలేదు. వంటింటి అరల కోసం కోయగా మిగిలిన కడప బండ ముక్కను 40 సెంటీమీటర్ల చదరంగా కోయించాను. ఈ బండ పొరలు పొరలుగా ఉంటుంది కనుక ఉలితో కొడితే విచ్చుకుంటుంది. నడుమ రంధ్రాన్ని డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, నిదానంగా వేయించడం మంచిది. వాలు దగ్గర మాత్రం కడప అక్షాంశం మాకు గొప్ప మేలు చేసింది. ఈ రకంలో పలక నిలువు నుంచి ఊరి అక్షాంశమంత కోణంలో ఒరగాలి, 14.5 డిగ్రీల సైన్ విలువ దాదాపు సరిగ్గా నాలుగో వంతు. అంటే 40 సెంటీమీటర్ల పలక నిలువు నుంచి దక్షిణానికి ఒరిగినప్పుడు, పై అంచు నుంచి వేలాడదీసిన తూకపు దారం కింది అంచుకు 10 సెంటీమీటర్ల దూరంలో నేలను తాకితే వాలు కుదిరినట్టే. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉండగా దారం ఎందుకని మా అమ్మాయి వాదించింది. రెండింటితోనూ కొలిచాం, జవాబు ఒకటే వచ్చింది, ఇద్దరం గెలిచామనుకున్నాం.

ఉత్తర దిక్కు విషయంలో ఫోన్ చేతులెత్తేసింది. మిద్దె కప్పులో ఉన్న ఇనుప కమ్మీల వల్ల అందులోని దిక్సూచి అడుగడుగునా మాట మార్చింది. అందుకే సూర్యసిద్ధాంతమనే ప్రాచీన ఖగోళ గ్రంథంలో ఉన్న పాత పద్ధతికే వెళ్లాం. సుద్దముక్కతో వృత్తం గీసి, దాని కేంద్రంలో పుల్లను నిట్టనిలువుగా నిలిపి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తిరిగాక ఒకసారి నీడ కొస వృత్తాన్ని తాకిన చోట్ల గుర్తులు పెట్టి, ఆ రెండింటినీ కలిపితే తూర్పు పడమరలు తేలతాయి. బ్యాటరీ అక్కరలేదు, ఓపిక కావాలి.

రంధ్రంలో సైకిల్ చక్రపు పుల్లను పలకకు లంబంగా బిగించాం. నునుపు చేసిన నల్లబండ మీద నీడ దాదాపు కనిపించదు. నలుపు మీద నలుపు, పైగా అద్దంలా మెరుపు. రెండు పూతలు సున్నం వేశాక నీడ సన్నని నల్లదారంలా తేలింది, వేలు పెట్టి చూపించేటంత స్పష్టంగా. గీతలన్నిటినీ 3.7 డిగ్రీలు ఉదయం వైపుకు జరిపి గీయడంతో కాకినాడ పావుగంట కూడా అందులోనే కలిసిపోయింది.

ఏప్రిల్ నెలాఖరులో మన ఊళ్లో నీడ మాయమయ్యే రోజు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు గంటల పన్నెండు నిమిషాల ప్రాంతంలో నిట్టనిలువు పుల్ల నీడ దాని పాదంలోనే దాగిపోయింది. మళ్లీ ఆగస్టు రెండో వారంలోనూ అంతే, కాకపోతే ఈసారి పన్నెండూ ఇరవైకి కాస్త ముందు. భూకక్ష్య గుండ్రంగా లేకపోవడం, భూమి అక్షం ఒరిగి ఉండడం వల్ల వచ్చే ఈ తేడాను రేఖాంశపు దిద్దుబాటు తీర్చలేదు. జూన్ నడుమ మా పలక ఫోన్‌తో కలిసి నడిచింది, జూలై ఆఖరుకు ఆరేడు నిమిషాలు వెనకబడింది, నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుకు పోవాలి. నెలవారీ పట్టికను అట్టముక్క మీద రాసి పక్కనే తగిలించాం. వడియాలు ఎండబెట్టడానికి వచ్చిన మా అమ్మ అదంతా చదివి, "ఇంత కూడికా తీసివేతా చేసేదానికంటే గోడ మీది గడియారం చూస్తే పోలేదా?" అంది. ఆ మాటను మనవరాలు ఫోన్‌లో రికార్డు చేసి బంధువులందరికీ పంపింది.

సెప్టెంబరు 23 తర్వాత ఎండ పలక ఉత్తర ముఖాన్ని వదిలి దక్షిణ ముఖం మీద పడుతుంది, ఆ తేదీకి అటూ ఇటూ కొన్ని రోజులు ఏ ముఖం మీదా నీడ సరిగా తెలియదు. ఈ లోపల వెనక వైపుకూ సున్నం పూసి గీతలు గీయాలి. అటు అంకెలు ఎదురు తిరుగుతాయి: ఉదయం ఆరు ఎడమ చేతి వైపు, పన్నెండు అడుగున, సాయంత్రం ఆరు కుడి వైపు. పుల్ల కూడా వెనక్కి ఓ జానెడు పొడుచుకుని ఉండాలి కనుక ఇంకాస్త పొడవైనది వెతుకుతున్నాను.