మూడో బకెట్

ఆర్వో ఫిల్టర్ మార్చడానికొచ్చిన పిల్లగాడు, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే పెన్నులాంటి టీడీఎస్ మీటర్‌ని గ్లాసులో ముంచాడు. మా బోరు నీళ్లు 1140. ఆర్వోలోంచి వచ్చినవి 60.

"చూశారా సార్!" అన్నాడు, పరీక్ష తనే పాసైనట్టు.

అమ్మ మాత్రం సింకు కిందికి వంగి ఆర్వో వేస్ట్ నీళ్ల పైపు లాగి బకెట్లో పెట్టింది. ఒక్క బిందె నిండేసరికి మూడు బకెట్లు నిండినయ్.

"ఇన్నొద్దులు ఇవన్నీ ఏడికి పోయినయ్ బిడ్డా?"

మోరీలకే. నాలుగేళ్లుగా.

మాది నల్గొండ దిక్కు. అక్కడ ఫ్లోరైడ్ తిప్పలు. అది మరీ ఎక్కువున్న నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముకలు వంగుతాయి. మా పెదనాయిన నడుం నేనెప్పుడూ నిటారుగా చూడలేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా ఊరిపేరే పెట్టారు. పేరైతే వచ్చింది మరి!

టీడీఎస్ 500 లోపుంటే ఆర్వో వద్దని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది. మాకా అదృష్టం లేదు. నల్లా నీళ్లు మా గల్లీదాకా రాలేదు, బోరు ఏటా ఇంకా కిందికి పోతోంది.

ఒక బకెట్‌తో ఇల్లు తుడిచింది అమ్మ. ఇంకోటి బాత్రూంలోకి. మొక్కలకు పోయబోతే చెయ్యి పట్టుకుంది, "ఉప్పు నీళ్లురా, మాడిపోతయ్."

మూడోది ఇంకా బాల్కనీలోనే ఉంది.